నీడకు అడుగుల చప్పుడు పెట్టొచ్చునా? పాత దయ్యం సినిమాలకు మనం వేసే కత్తెర గురించి

కత్తెరపిట్ట (కర్నూలు)
శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాది పెండ్లి వీడియోల ఎడిటింగ్ పని. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి చేతిలో పనుండదు. ఈసారి ఆ నెలంతా కూచోని 1922 నాటి ‘నోస్‌ఫెరాటు’ను మళ్లీ ఎడిట్ చేసినా. మూర్నావ్ తీసిన మాటల్లేని జర్మన్ సినిమా అది. గంటన్నర పైచిలుకు ఉండేదాన్ని అరవై ఒక్క నిమిషాలకు తెచ్చినా. జర్మన్ టైటిల్ కార్డులు తీసి తెలుగులో రాసినా. తలుపు కిర్రుమనేది, ఎలుకలు, గాలి, అడుగులు, అన్నిటికీ చప్పుళ్లు పెట్టినా. రాత్రి సీన్లకు నీలం రంగు ఎక్కించినా.

ఈ నీలం సంగతి కొంచెం చెప్పాల. మొదట నేను ఈ సినిమా చూసింది ఫోన్లో, ఉత్త నలుపు తెలుపు కాపీ. అందులో రక్తం తాగే ఓర్లాక్ దొర శవపెట్టె పట్టుకోని మంచి ఎండలో వీధెంట నడిచిపోతాడు. అదే మనిషి చివర్లో పొద్దు కిరణం తగలంగానే మాయమైపోతాడు. ఇదేం లెక్క అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆ కాలం ఫిలిం మీద రాత్రి వెలుతురుకు బొమ్మ పడేది కాదని. పగలు తీసి, ప్రింటుకు నీలం రంగు పట్టించేవాళ్లు. నీలం కనపడితే రాత్రి అని చూసేవాళ్లకు తెలుసు. తర్వాతి రోజుల్లో నలుపు తెలుపు కాపీలు తీసినోళ్లు ఆ రంగును వదిలేసినారు. రంగుతో పాటు రాత్రి కూడా పోయింది.

నా ఎడిట్ అయినాక మిద్దె మీద తెల్ల దుప్పటి కట్టి ఇంట్లోవాళ్లకు, వీధిలో పదిమందికి వేసి చూపించినా. ఓర్లాక్ నీడ గోడ మీద మెట్లెక్కే సీనుంది గదా, అక్కడ బూట్ల చప్పుడు పెట్టినా, మెట్టుకొకటి, బరువుగా. పిల్లోళ్లు కేకలేసినారు. నాకు బలే సంతోషమాయ. అందరూ లేచిపోయినాక మా మేనత్త దుప్పటి మడతపెడతా అడిగింది: “నాయనా, ఆ ఎక్కేది నీడే గదా. నీడకు చప్పుడెట్ల వస్తాది?”

జవాబు చెప్పలేకపోయినా. నేను చేసినదాంట్లో బాగుచేసింది ఎంత, చెడగొట్టింది ఎంత? మీలో ఇట్లాంటి పని చేసినోళ్లు, చూసినోళ్లు చెప్పండి.

రాత్రిబస్సు (ఆదోని)
శుక్రవారం, రాత్రి 11:52

అన్నా, మీరు మనసు కష్టపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. వందేళ్ల నాటి సినిమా పదిమందిని మిద్దె మీద కూచోబెట్టింది, పిల్లోళ్లను కేక పెట్టించింది. మీరు ఎడిట్ చేయకపోతే ఆ వీధిలో ఒక్కరన్నా చూసేవాళ్లా?

డైరెక్టర్ ఉద్దేశం, డైరెక్టర్ ఉద్దేశం అంటారు. డైరెక్టర్లే ఒక మాట మీద ఉండరు. ‘ది షైనింగ్’ 1980లో అమెరికాలో విడుదలైనాక, ఆడుతుండే ప్రింట్లలోంచి చివరి ఆసుపత్రి సీను తీయించేసినాడు డైరెక్టర్ కుబ్రిక్. మిగిలింది 144 నిమిషాలు. యూరప్‌కు పోయేసరికి దాన్నే 119 నిమిషాలు చేసినాడు. 1973లో వచ్చిన ‘ది ఎక్సార్సిస్ట్’కు 2000లో సుమారు పది నిమిషాలు కలిపి మళ్లీ వదిలినారు. దయ్యం పట్టిన పిల్ల వెల్లకిలా వంగి సాలీడు మాదిరి మెట్లు దిగే సీను అందులో వచ్చిందే. తీసినోళ్లే ఇన్నిసార్లు మార్చుకుంటా ఉంటే చూసేవాడు మార్చుకోకూడదా?

రీలుపెట్టె (అనంతపురం)
శనివారం, ఉదయం 6:10

కత్తెరపిట్ట అబ్బీ, మీ మేనత్తకు నా నమస్కారం చెప్పు.

నేను 1983 నుంచి సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసినా. కార్బన్ కడ్డీలు కాల్చి వెలుతురు తెప్పించే కాలం. రెండు మిషన్లుండేవి. ఒక్కో రీలు ఇరవై నిమిషాల లెక్కన ఆడేది. రీలు అయిపోవచ్చే ముందు తెర మీద కుడి పక్క పై మూలలో ఒక చుక్క పడతాది. అది పడంగానే రెండో మిషన్ మోటారు వేయాల. ఏడు సెకన్లకు ఇంకో చుక్క. దానికి బొమ్మ మార్చాల. కిందుండే జనానికి ఆ చుక్కలు తెలియవు. నాకు ఇప్పటికీ టీవీలో పాత సినిమా వస్తాంటే కన్ను ఆ మూలకే పోతాది.

ఒకసారి ఇంగ్లీషు దయ్యం సినిమా ఒకటి వచ్చింది, తెలుగు డబ్బింగ్. పేరు వద్దులే. అందులో ఆడమనిషి ఒక్కతే పొడుగు వరండాలో నడుచుకుంటా పోయి చివరి తలుపు తీస్తాది. నడిచేదే నిమిషం ఉంటాది. సంగీతం లేదు, మాట లేదు, గడియారం కొట్టుకునేది మాత్రం వినపడతాది. తలుపు తీసేసరికి హాలు హాలంతా ఒక్కసారి అరిచేది. నేల క్లాసులో కాళ్లు పైకి పెట్టుకునేవాళ్లు. మూడు రోజులు అట్లనే ఆడింది.

నాలుగో రోజు మేనేజరు పైకొచ్చినాడు. ఫస్ట్ షో వదిలేసరికి పల్లెలకు పోయే ఆఖరి బస్సు పోతాంది, జనం తగ్గుతాండారు, యాడన్నా కొంచెం తగ్గించు అన్నాడు. ఏ సీను తీసినా కథ తెగుతాది. వరండాలో కథేముంది, ఊరికే నడుస్తాది గదా అనుకున్నా. తొంభై అడుగుల ఫిలిం, నిమిషం లెక్క. దాంతోపాటు అట్లాంటివే ఇంకో నాలుగు చోట్ల కత్తిరించినా. బ్లేడుతో అంచు గీకి, ఫిలిం సిమెంటు పూసి, అతుకు మీద బొటనవేలు అదిమి పట్టుకున్నా. అతుకు శానా బాగా పడింది. మిషన్లో టిక్కుమనకుండా పోయింది.

ఆ పొద్దు ఆడమనిషి వరండాలోకి అడుగుపెట్టింది, వెంటనే తలుపు తీసింది. హాల్లో ఒక్కరు అరవలా. వెనక బెంచీలో ఎవరో నవ్వినారు. తలుపెనక ఉండే బొమ్మ నిన్నటి బొమ్మే. నేను దాంట్లో ఒక్క ఫ్రేము కూడా ముట్టుకోలా. అయినా అది దయ్యం మాదిరి లేదు, మైదా పూసుకున్న మనిషి మాదిరి ఉండాది. ఆ భయం తలుపెనక లేదబ్బీ, ఆ తొంభై అడుగుల్లోనే ఉండాది.

కత్తిరించిన ముక్కలు టీ డబ్బాలో పెట్టుకున్నా. మరుసటి రోజు పొద్దున మ్యాట్నీకి ముందు వరండా ముక్క తిరిగి అతికించినా. మేనేజరుకు చెప్పలా. మిగతా నాలుగు ముక్కలు ప్రింటు ధర్మవరం పోయే ముందర అతికించి పంపినా. ప్రతి అతుకుకూ రెండు ఫ్రేములన్నా పోతాయి. అవి మాత్రం తిరిగి రావు.

అరవై ఒక్క నిమిషాలకు తెచ్చినా అంటివే, తీసేసిన ముప్పై నిమిషాల్లో ఇట్లాంటి వరండాలు ఎన్ని పోయినాయో ఒక్కసారి చూసుకో.

పెన్నఒడ్డు (ప్రొద్దుటూరు)
శనివారం, ఉదయం 9:35

పెద్దాయన రాసింది రెండుసార్లు చదివినాను. నేను పిల్లలకు వయొలిన్ నేర్పిస్తాను, కాబట్టి నాకు తెలిసింది చప్పుడు వైపు నుంచే.

హిచ్‌కాక్ ‘సైకో’ (1960) స్నానాల గది సీను అందరికీ తెలుసు. ఆ సీనుకు సంగీతమే వద్దన్నాడు ఆయన. నీళ్ల చప్పుడు, అరుపు, అంతే చాలన్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోకుండా రాసి వినిపించినాడు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఈ రోజు ఆ సీను తలచుకుంటే కత్తి కంటే ముందు ఆ కీచుమనే తీగలే చెవిలో పడతాయి. కాబట్టి డైరెక్టర్ అనుకున్నదే వేదం అని నేను అనలేను. ఇంకొకరి చెయ్యి పడితే బాగుపడిన సందర్భం ఇది.

కానీ తమ్ముడూ రాత్రిబస్సు, హెర్మన్ ఏం చేసినాడో చూడు. సినిమా మొత్తానికి తీగ వాయిద్యాలు తప్ప ఇంకోటి పెట్టలేదు. డోలు లేదు, బూర లేదు. నలుపు తెలుపు బొమ్మకు నలుపు తెలుపు సంగీతం కావాలనుకున్నాడు. ఆ సీనులో వయొలిన్లు అన్నిటికంటే పై స్వరం పట్టుకుని ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. నేను ఒకసారి నలుగురు పిల్లలతో ఆ వరసలో వాయించి చూసినాను. మూడో వయొలిన్ కలిసేసరికి మా ఇంట్లోనే ఒళ్లు జలదరించింది. అది పక్కనుండి బొమ్మను చదివిన మనిషి చేసిన పని.

మొన్న మా విద్యార్థి ఒకడు అదే సీనుకు బేస్ దట్టించిన కొత్త ముక్క చూపించినాడు. మొదటి క్షణం నుంచే గుండెలు అదిరే మోత. ఆ అమ్మాయి తలుపు వేసుకుని, సబ్బు కాగితం విప్పి, నీళ్ల కింద మొహం పెట్టి ఊపిరి పీల్చుకునే చోట కూడా మోతే. అసలు సినిమాలో అక్కడ ఉండేది నీళ్ల చప్పుడు ఒక్కటే. ఆమె అప్పుడే మనసు తేలిక చేసుకుంది. దొంగిలించిన డబ్బు తిరిగి ఇచ్చేద్దామని నిర్ణయించుకుంది. ఆ తేలికను మనం కూడా అనుభవించాలి. మోత ముందే మొదలైతే ఆ మనిషిని మనం పోగొట్టుకుంటాము, చచ్చిపోయేది ఎవరో తెలియకుండా పోతుంది.

గండికోట (కడప)
శనివారం, మధ్యాహ్నం 1:15

లా చదువుతున్నాను, అందుకని చట్టం సంగతి కొంచెం.

కత్తెరపిట్ట అన్నకు ‘నోస్‌ఫెరాటు’తో చిక్కు లేదు. మన దేశంలో సినిమాకు కాపీరైట్ విడుదల నుంచి అరవై ఏళ్లు. అది ఎప్పుడో అయిపోయింది. అసలు ఆ సినిమానే హక్కులు కొనకుండా ‘డ్రాకులా’ నవలను పేర్లు మార్చి తీసింది. నవలాకారుడి భార్య కోర్టుకు పోతే 1925లో ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. అప్పటికే వేరే దేశాలకు చేరిన కాపీలు ఉండబట్టి మనకు మిగిలింది. తర్వాత 1930లో వేరేవాళ్లు దానికే చప్పుళ్లు, కొత్త సీన్లు కలిపి ఇంకో పేరుతో వదిలినారు, మూర్నావ్‌ను అడగకుండా. అన్నా, మీరు చేసిన పని తొంభై ఏళ్ల ముందే ఒకరు చేసినారు.

కొత్త సినిమాల సంగతి వేరు. మన చట్టం లెక్కన సినిమాకు కర్త నిర్మాత, డైరెక్టర్ కాదు. రచనను వక్రీకరించి కర్త గౌరవానికి భంగం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ ఇస్తుంది, కానీ ఇస్తున్నది కర్తకు. 2013 నాటి హిందీ సినిమా ‘రాంఝణా’ తమిళ రూపానికి 2025 ఆగస్టులో కృత్రిమ మేధతో ముగింపు మార్చి విడుదల చేసినారు. చనిపోయిన హీరో బతికినాడు. డైరెక్టర్, హీరో ఇద్దరూ మాకు సమ్మతం లేదని బహిరంగంగా చెప్పినారు. అయినా సినిమా ఆడింది. నాకు అభిమాని ఇంట్లో కూచోని చేసుకునే ఎడిట్ కంటే ఇదే ఎక్కువ భయంగా ఉంది. అభిమాని ఎడిట్ పక్కన అసలు సినిమా అట్లనే ఉంటుంది. హక్కుదారే మారిస్తే రేపు అసలుది దొరుకుతుందని నమ్మకమేముంది?

రాత్రిబస్సు (ఆదోని)
శనివారం, మధ్యాహ్నం 2:40

పెద్దాయన వరండా కథ చదివినాక నిన్న రాసినంత గట్టిగా రాయలేకపోతున్నా. కానీ ఒకటి చెప్పనీయండి. డైరెక్టర్ క్లైవ్ బార్కర్ ‘నైట్‌బ్రీడ్’ 1990లో వచ్చినప్పుడు స్టూడియో వాళ్లు కత్తిరించి పాడుచేసినారు. తీసేసిన సీన్లు పాత వీహెచ్ఎస్ టేపుల్లో దొరికితే 2012లో వాటిని కలిపి పొడుగు కూర్పు ఒకటి చేసినారు. బొమ్మ మసకగా, గీతలు గీతలుగా ఉంటాది. దాన్ని ఊరూరా వేసి చూపించి, అభిమానులు పట్టుబట్టి అడిగితేనే 2014లో డైరెక్టర్ కూర్పు సక్రమంగా బయటికి వచ్చింది. అంటే డైరెక్టర్ ఉద్దేశాన్ని కాపాడింది ఎవరు? మన మాదిరోళ్లే.

అందరినీ ఒకే గాటన కట్టొద్దు అనేది నా మాట.

రీలుపెట్టె (అనంతపురం)
శనివారం, మధ్యాహ్నం 3:05

ఒప్పుకున్నా నాయనా. పోయిన ముక్క తెచ్చి అతికించేవాడు నా లెక్కలో ఆపరేటరే.

నిర్వాహకులు
శనివారం, సాయంత్రం 4:00

చర్చ బాగా జరుగుతోంది. ఒక మనవి: కాపీరైట్ ఉన్న సినిమాల డౌన్‌లోడ్ లింకులు ఇక్కడ పెట్టొద్దు. ఇప్పటికే రెండు తీసేశాం.

యాగంటి బసవయ్య దోవ (బనగానపల్లె)
శనివారం, సాయంత్రం 6:30

నేను పెద్ద సినిమాలు చూసేదాన్ని కాదు. మా ఊరి సంగతి ఒకటి చెప్తా.

యాగంటికి పోయే దోవలో నవాబుల బంగళా ఉంది. 2009లో ‘అరుంధతి’ వచ్చినాక దాన్ని అందరూ అరుంధతి కోట అంటారు. సినిమా వచ్చినప్పుడు నాకు పెండ్లయి ఏడాది. చూసి వచ్చినాక పొద్దుగూకితే ఆ దోవ పట్టాలంటే భయం. పశుపతి గొంతు అంత పని చేసింది. ఆ గొంతు రవిశంకర్‌ది అని తర్వాత తెలిసింది.

మా అబ్బాయికి ఇప్పుడు పన్నెండేండ్లు. వాడికి “వదల బొమ్మాళీ” అంటే ఫోన్లో వచ్చే నవ్వుల ముక్క. పిల్లి అన్నం గిన్నె వదలకపోతే ఆ మాట, క్లాసులో పెన్సిలు ఇవ్వకపోతే ఆ మాట. పోయిన సంక్రాంతికి టీవీలో సినిమా మొత్తం వస్తే పక్కన కూచోబెట్టుకున్నా. సమాధిలోంచి ఆ గొంతు రాంగానే వాడు పకపకా నవ్వినాడు. వాడి తప్పు లేదు. వాడు ముందు విన్నది నవ్వుతో కలిపిన మాట. నాకు మాత్రం బాధేసింది. నేను ఇరవై రెండేండ్లప్పుడు పడిన ఆ భయం వాడికి ఇంక దొరకదు. అరుంధతి ఆఖరుకు పడే కష్టం కూడా వాడికి తగల్లేదు, ఎందుకంటే వాడికి పశుపతి అంటే భయమే లేదు.

ఎడిట్లు చేసుకోండి, కానీ మొదట చూసేవాళ్లకు అసలుది చూపించండి.

పెన్నఒడ్డు (ప్రొద్దుటూరు)
శనివారం, రాత్రి 8:20

అక్కా, మీరు చెప్పింది నా మనసులో పడిపోయింది.

తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1931) కంటే నాకు వేరేది తోచదు. చెరువు గట్టున చిన్న పిల్ల, ఆ రాక్షసుడు కూచోని పూలు నీళ్లలో వేస్తుంటారు. పూలు తేలుతాయి. వాడు మొదటిసారి నవ్వుతాడు. పూలు అయిపోతాయి. ఈ పిల్ల కూడా పువ్వు మాదిరే తేలుతుందనుకుని ఎత్తి నీళ్లలో వేస్తాడు. పిల్ల మునిగిపోతే ఏమి చేయాలో తెలియక చేతులు చూసుకుంటాడు. వాడిది అమాయకత్వం అని ఆ ఒక్క సీనుతో తెలుస్తుంది.

సెన్సారు వాళ్లకు అది క్రూరంగా అనిపించి, వాడు పిల్ల వైపు చేతులు చాచిన దగ్గర కత్తిరించేసినారు. ఆ తర్వాత ఒకచోట తండ్రి పిల్ల శవాన్ని చేతుల్లో మోసుకుంటూ ఊళ్లోకి వస్తాడు. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్ల ఊహకు వదిలేసినారు. ఎంత ఘోరం ఊహించుకుంటారో చెప్పనక్కర్లేదు. పిల్లలకు చెడ్డది కాకూడదని తీసిన కత్తిరింపు వాడిని నిజంగానే రాక్షసుడిని చేసింది. 1980ల్లో ఆ ముక్క తిరిగి చేరేదాకా చాలామంది చూసింది ఆ తప్పు సినిమానే.

ఇంకొకటి, కత్తెరపిట్ట తమ్ముడూ. మీరు పంపిన ఎడిట్‌ను బాగుచేసిన అసలు కాపీ పక్కన పెట్టుకుని చూసినాను. ఓర్లాక్ కోటకు పోయే గుర్రపుబండి మీ దాంట్లో మెత్తగా, మామూలుగా పోతోంది. ఆ తర్వాత అడవిలో చెట్లన్నీ తెల్లగా, ఆకాశం నల్లగా కనిపించే ముక్క అసలు లేనే లేదు. ఏమైంది?

కత్తెరపిట్ట (కర్నూలు)
శనివారం, రాత్రి 8:55

అక్కా, బండి గతుకులు గతుకులుగా, వేగంగా పరిగెత్తుతాంటే పాత కెమెరా లోపం అనుకున్నా. చేత్తో తిప్పే కెమెరా గదా. సాఫ్ట్‌వేర్‌తో మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి నునుపు చేసినా. తెల్ల చెట్ల ముక్క నెగెటివ్ ప్రింటు తప్పుగా కలిసిపోయిందనుకున్నా. పాడైందనుకోని తీసేసినా.

పెన్నఒడ్డు (ప్రొద్దుటూరు)
శనివారం, రాత్రి 9:10

అది పాడైంది కాదు తమ్ముడూ. బండి మనలోకంలోది కాదని తెలియాలని మూర్నావ్ కావాలనే కెమెరాను నెమ్మదిగా తిప్పించి ఆ వేగం తెప్పించినాడు. అడవిని కావాలనే నెగెటివ్‌లో వేసినాడు. పగలు కాదు, రాత్రి కాదు, ఓర్లాక్ కోటకు పోయే కుర్రవాడు దాటిపోయిన సరిహద్దు అది.

రీలుపెట్టె (అనంతపురం)
శనివారం, రాత్రి 9:30

అబ్బీ, బాధపడొద్దు. నువ్వు నీలం తెచ్చి రాత్రిని తిరిగి ఇచ్చినావు. అది చిన్న పని కాదు. ఫిలిం మీద గీత ఉంటే గీత అని తెలుస్తాది. డైరెక్టరు పెట్టిన గతుకూ, కాలం పెట్టిన గతుకూ కంటికి ఒకటే మాదిరి ఉంటాయి. నేను కూడా పదేండ్లు చేసినాక గానీ పోల్చుకోలేదు. ముట్టుకునే ముందు అడుగు, పుస్తకం చూడు, ఇంకో ప్రింటు దొరికితే పక్కన పెట్టి చూడు. అంతే.

కత్తెరపిట్ట (కర్నూలు)
తర్వాతి ఆదివారం, రాత్రి 11:45

ఈ వారమంతా షాపు మూసినాక మళ్లీ కూచున్నా. గుర్రపుబండికి దాని గతుకులు దానికి ఇచ్చేసినా. తెల్ల చెట్లు తిరిగి పెట్టినా. తీసేసిన ముప్పై నిమిషాలు ఒక్కొక్కటి వేసి చూసుకుంటే పద్దెనిమిది చోట్ల పెద్దాయన చెప్పిన వరండాలే. అన్నీ వెనక్కి పెట్టినా. తెలుగు కార్డులు ఉంచినా, అవి లేకుంటే మా అత్తకు అర్థం కాదు. నీలం ఉంచినా. గాలి ఉంచినా, కానీ వినీ వినపడనట్ల తగ్గించినా. ఎలుకల చప్పుడు మీద ఇంకా తెగలేదు. దాని గురించి మీరేమన్నా చెప్తే వింటా. సినిమా ముందర ఏమేం మార్చినానో ఒక కార్డు వేసినా, అసలుది యాడ చూడొచ్చో కూడా రాసినా.

ఈ రాత్రి మళ్లీ మిద్దె మీద వేసినా. గంటన్నర దాటింది. మధ్యలో ఇద్దరు పిల్లోళ్లు నిద్రపోయినారు, ఒకాయన ఫోనొచ్చిందని దిగిపోయినాడు. నీడ మెట్లెక్కే సీను వచ్చింది. ఏ చప్పుడూ లేదు. గాలికి దుప్పటి కొంచెం కదిలింది, దాంతో పాటు ఆ వేళ్లు కూడా కదిలినాయి. ఎవరూ కేక పెట్టలా. మా అత్త పక్కనుండే మనవరాలిని తొడ మీదికి లాక్కుంది. ఆ చెయ్యి సినిమా అయిపోయేదాకా తీయలా.

రీలుపెట్టె (అనంతపురం)
తర్వాతి ఆదివారం, రాత్రి 11:58

మెట్ల సీను ఎంత వదిలినావు?

కత్తెరపిట్ట (కర్నూలు)
సోమవారం, రాత్రి 12:03

మొత్తం వదిలినా పెద్దాయనా. ఒక్క ఫ్రేము తీయలా.